దాల్చినచెక్క వేసిన యాపిల్ గుజ్జు

మదీనాగూడలో నేను అద్దెకున్న ఇంటి యజమానురాలు ఒకసారి నా గది గుమ్మంలో నిలబడి, పొయ్యి మీద ఉన్న గిన్నె మూత తీసి చూపించమంది. నేను తీయలేదు. ఆ సంగతి ఆమెకు ఇప్పుడు గుర్తుండకపోవచ్చు. నాకు ఆ రోజు ఆమె కట్టుకున్న చీర రంగు కూడా గుర్తుంది.

తెలంగాణ ఉద్యమం ముమ్మరంగా సాగుతున్న కాలం అది. నేను హైటెక్ సిటీలో ఒక సాఫ్ట్‌వేర్ కంపెనీలో పనిచేసేవాణ్ణి. మాది కడప వైపు. బొంబాయి హైవే నుంచి కొంచెం లోపలికి వెళితే ఒక రెండంతస్తుల ఇల్లు, దాని మేడ మీద ఒంటరి గది. దాన్ని అందరూ పెంట్‌హౌస్ అనేవారు. ఒక మూల పొయ్యి గట్టు, బయట నీళ్ల ట్యాంకు, మిగతాదంతా ఎండ. పెళ్లికానివాడికి అంతకన్నా మంచి ఇల్లు దొరకదని స్నేహితులు అన్నారు. వాళ్లెవరూ మే నెలలో అక్కడ పడుకోలేదు.

ఇల్లు చూడడానికి వెళ్లిన రోజే ఆమె షరతు చెప్పింది. ఇంట్లో మాంసం, గుడ్డు వండకూడదు. వాళ్లు తినరు, ఇంట్లోకి రానివ్వరు. సరేనన్నాను. తరవాత ఏ ఊరని అడిగింది. చెప్పాను. "కడపనా? బాంబులు గిట్ల తేవు గద బాబూ," అని నవ్వింది. పక్కన కూర్చున్న ఆమె భర్త కూడా నవ్వాడు. నేను నవ్వలేదు. అయినా ఇచ్చిన మాట తప్పలేదు. ఆదివారాలు కూకట్‌పల్లి దాకా వెళ్లి ఒక మెస్సులో తిని, అక్కడే రెండుసార్లు చేతులు కడుక్కుని మెట్లెక్కేవాణ్ణి. ఆ మెట్లు ఆమె వాకిలి ముందు నుంచే ఉంటాయి మరి.

ఆ గదికి మా అక్క వచ్చింది. గొంతులో కాన్సర్. నగరం లోపల ఉన్న ఒక ఆసుపత్రిలో రేడియేషన్ పెట్టించుకోవాలి, శని ఆదివారాలు తప్ప రోజూ వెళ్లాలి. బావ ఎరువుల కొట్టు వదిలి రాలేనన్నాడు. ఫోన్‌లో మాత్రం అన్నీ వివరంగా అడిగేవాడు. నేను మధ్యాహ్నం షిఫ్టుకు మార్పించుకుని, పొద్దున అక్కను ఆటోలో తీసుకువెళ్లి, తిరిగి దింపి, ఆఫీసుకు పోయేవాణ్ణి. షిఫ్టు మార్చడానికి మా మేనేజరు ఎన్ని రోజులు ముఖం చాటేశాడో అది వేరే కథ, అదీ మరిచిపోలేదు.

జబ్బు సంగతి కింద చెప్పొద్దని అక్క ఒట్టు పెట్టించుకుంది. పేరు తెలిస్తే అంటుకుంటుందని ఖాళీ చేయిస్తారని ఆమె భయం. థైరాయిడ్ పరీక్షలకు వచ్చిందని చెప్పాము. మెడ మీద ఆసుపత్రివాళ్లు ఊదారంగు సిరాతో గీతలు గీశారు, రేడియేషన్ ఎక్కడ పడాలో తెలిసేందుకు. అవి చెరిపేయకూడదు. అక్క కొంగును మెడ చుట్టూ కప్పుకునే కిందికి దిగేది.

కొన్నాళ్లు బాగానే గడిచింది. తరవాత నోరంతా పూసింది. కారం సంగతి అడగక్కర్లేదు, ఉప్పు తగిలినా కళ్లలో నీళ్లు తిరిగేవి. రాగి జావ చేశాను, గంజి కాచాను, పెరుగన్నం మెత్తగా ఎనిపి పెట్టాను. ఏది పెట్టినా ఇనప ముక్క చప్పరించినట్టుందని పక్కకు జరిపేది. సోమవారం సోమవారం ఆసుపత్రిలో బరువు చూసేవారు. ప్రతిసారీ తగ్గుతూ వచ్చింది. ఇంకా తగ్గితే ముక్కులోంచి పొట్టలోకి గొట్టం వేసి ఆహారం పోయాలని డాక్టరుగారు చెప్పారు. అక్క ఆటో ఎక్కాక అంది.

"మా అత్తకు వేసిన పైపు మళ్లీ తీయలేదురా. దాంతోనే పాయ. నాకు పైపు పెట్టినారంటే రైలెక్కి ఇంటికి పోతా. చెప్తాండా."

రేడియేషన్ సగంలో ఆపితే అసలు మొదలుపెట్టకపోవడమే నయమని అదే డాక్టరుగారు అంతకుముందు చెప్పి ఉన్నారు. అందుకని ఆ రోజు నుంచి నాకు ఒకటే పని. అక్క ఏదో ఒకటి మింగాలి.

యాపిల్ గుజ్జు సంగతి ఆఫీసు క్యాంటీన్‌లో తెలిసింది. మా టీం లీడ్‌ది భీమవరం దగ్గర. విదేశంలో కొన్నేళ్లు ఉండి వచ్చాడు. అక్కడ వాళ్ల బాబుకు పళ్లు వచ్చేటప్పుడు అదే పెట్టేవారట. "సింపులండి. తొక్క తీసి, గింజ తీసి, ముక్కలు కోసి, కాసిని నీళ్లు పోసి మూతెట్టడమే. చిన్న దాల్చినచెక్క ముక్క పడెయ్యండి," అన్నాడు. అక్కడితో ఆగి ఉంటే ఈ రోజుకీ అతనికి రుణపడి ఉండేవాణ్ణి. "అయినా కత్తి పని మీ సీమోళ్లకి మేం చెప్పాలేంటండి," అన్నాడు. బల్ల చుట్టూ ఉన్నవాళ్లంతా నవ్వారు. కింద ఇంట్లో బాంబులు, ఇక్కడ కత్తులు. ఇటువాళ్లు మమ్మల్ని పొమ్మంటున్న రోజుల్లో అటువాళ్లకు మేము ఇలా పనికొచ్చేవాళ్లం.

మొదటిసారి పాడుచేశాను. సూపర్‌మార్కెట్‌లో నిగనిగలాడే యాపిళ్లు కొన్నాను, అవి ఎంత ఉడికించినా ముక్కలుగానే ఉన్నాయి. దాల్చినచెక్క పొడి సీసా కొని చిటికెడు చల్లాను. ఒక్క చెంచా నోట్లో పెట్టుకోగానే అక్క గోడ పట్టుకుంది. పొడి పుళ్లకు అంటుకుని మండింది. సీసా బయట పారేశాను.

తరవాత నేర్చుకున్నాను. హైవే పక్కన బండి మీద కుప్పగా పోసి అమ్మే, మెత్తబడిన, పైన మచ్చలున్న పళ్లే దీనికి మంచివి. కొరికి తింటే పిండిపిండిగా ఉంటాయని ఎవరూ కొనరు, ఉడికితే మాత్రం అవే కరిగిపోతాయి. తొక్క ఏమాత్రం మిగలకూడదు, చిన్న పీలిక కూడా గొంతులో గీసుకుంటుంది. మందపాటి గిన్నెలో అడుగు తడిసేటన్ని నీళ్లు, పైన ముక్కలు, మధ్యలో వేలంత చెక్క. మూత పెట్టి మంట బాగా తగ్గించాలి. కాసేపటికి మూత కింద గుసగుసలాడినట్టు చప్పుడవుతుంది. అప్పుడు మూత తీసి చూడకుండా ఇంకొంచెంసేపు ఆగాలి. చెంచా తగిలితే విడిపోయేంత మెత్తబడ్డాక చెక్క తీసేసి, పప్పుగుత్తితో ఎనిపి, టీ వడగట్టే జల్లెడలో వేసి రుద్దాలి. చక్కెర అక్కర్లేదు. పూర్తిగా చల్లారాలి, గోరువెచ్చగా ఉన్నా మండుతుంది.

అక్క గిన్నె ముఖం దగ్గరికి తెచ్చుకుని వాసన చూసింది. చాలాసేపు చూసింది.

"పెళ్లి పలావు వాసన రా ఇది," అంది.

రుచేమీ తెలియడంలేదట, వాసన మాత్రం తెలుస్తోందట. ఆ వాసన పట్టుకుని ఒక్కో చెంచా మింగింది. పలావు తింటాండానని అనుకుంటే దిగుతోందని చెప్పింది. ఆ గిన్నె ఖాళీ అయింది. తరవాతి సోమవారం బరువు తగ్గలేదు. డాక్టరుగారు ఏం పెడుతున్నారని నన్ను అడిగారు. నన్ను ఎవరైనా మెచ్చుకోలుగా ఏదైనా అడిగిన సందర్భాలు నా జీవితంలో తక్కువ.

అప్పటికి తెలంగాణ కోసం సమ్మె వచ్చింది. బస్సులు ఆగిపోయాయి. గనుల్లో బొగ్గు తవ్వడం ఆగి కరెంటు కోతలు పెరిగాయి. ఫ్రిజ్‌లో ఏదీ నిలవుండేది కాదు, అందుకని గుజ్జు ఏ రోజుకారోజు చేయాలి. రోజూ పొద్దున మా గదిలోంచి దాల్చినచెక్క వాసన మెట్లమీదుగా కిందికి దిగేది. మన ఇళ్లలో చెక్క, లవంగం పడ్డాయంటే అది మాంసం కూరకో బిర్యానీకో పడినట్టే. తియ్యటి దానిలో యాలకులు వేస్తాం గానీ చెక్క వేసి ఉడికిస్తారని ఎవరు అనుకుంటారు? పైగా నవరాత్రులు మొదలయ్యాయి. కింద వాకిట్లో బతుకమ్మకు పూలు పేరుస్తున్నారు.

ఆమె పైకి వచ్చింది. గంధం రంగు చీర, ఆకుపచ్చ అంచు. చేతిలో ఇంకా తంగేడు పూలున్నాయి.

"ఏం వండుతున్నవ్?"

"యాపిల్ పళ్లండి."

"యాపిల్ పండ్లకు మసాల వాసనొస్తదా? వారం సంది చూస్తున్న. దేవుడి దినాలు, మా ఇంట్ల గిసుంటివి నడవయ్ అని ముందే చెప్పిన గద. మూత తీయ్, చూస్త."

మూత తీస్తే కనబడేది పసిపిల్లలకు పెట్టే గుజ్జు. ఎవరికని అడుగుతుంది. నిక్షేపంలా ఉన్న మనిషి గుజ్జు ఎందుకు తింటుందని అడుగుతుంది. అక్క వెనక మంచం మీద కూర్చుని కొంగు బిగించుకుంటోంది. అది ఒక కారణం. రెండోది, అన్నాళ్లూ ఆమె షరతు కోసం ఎండలో కూకట్‌పల్లి దాకా పోయి తిని వచ్చినవాణ్ణి నేను. నా మాట చాలకపోతే ఇంక మూతతో పనేముంది?

తియ్యనన్నాను. పళ్లని చెప్పాను కదా, నమ్మితే నమ్మండి అన్నాను.

"మీవోళ్లు అబద్ధం జెప్పినా ధైర్యంగ జెప్తరు. నెలాఖరుకు రూమ్ ఖాళీ జెయ్యిండ్రి ఇగ," అని దిగిపోయింది.

"మీవోళ్లు" అన్న ఆ మాట చాలా రోజులు నా వెంట తిరిగింది. ఆఫీసు నుంచి వస్తూ గేటు తీసేటప్పుడు ఏం జవాబు చెప్పి ఉండాల్సిందో కొత్తగా తోచేది.

కానీ దెబ్బ నాకు తగల్లేదు, అక్కకు తగిలింది. ఇల్లు పోతే ఈ సమ్మెలో, ఈ జబ్బుతో ఎక్కడికి పోతామని ఆమె బెంగ. చెక్క వేయొద్దంది. నేను వేస్తానన్నాను. వేస్తే గిన్నె ముట్టనంది. మా ఇద్దరిదీ ఒకే మొండితనం, ఎవరిది ముందు వంగుతుందో చిన్నప్పటి నుంచీ తెలిసిందే. చెక్క లేకుండా చేశాను. అదే పండు, అదే గిన్నె, అంతే మెత్తన. రెండు చెంచాలకు ఆపేసింది. ఏమీ లేదురా ఇందులో, నీళ్లలో తడిపిన దూదిలాగుంది అంది. యాలక్కాయ వేసి చూశాను. ఆ వాసనకు కడుపులో తిప్పింది. నేను ఇంట్లో ఉన్నంతసేపూ గిన్నె పక్కన పెట్టుకుని, నేను చూసినప్పుడల్లా ఒక చెంచా నోట్లో పెట్టుకుని, చూడనప్పుడు వాష్ బేసిన్‌లో ఉమ్మేది. బరువు మళ్లీ తగ్గింది. ఈసారి డాక్టరుగారు నన్నేమీ అడగలేదు. తరవాతి సోమవారం చూసి గొట్టం సంగతి తేలుద్దామన్నారు.

ఆ మధ్యలోనే ఒక రోజు హైవే మీద వంటావార్పు పెట్టారు. రోడ్డుకు అడ్డంగా రాళ్ల పొయ్యిలు, వాటి మీద పెద్ద గుండిగలు, డప్పులు, పాటలు. వండి, అక్కడే వడ్డించి, అక్కడే తినడం. అదొక నిరసన. మా ఆటో ముందుకు పోలేదు. ఆటోవాడు ఇంజన్ ఆపేశాడు. జెండా పట్టుకున్న ఒక యువకుడు వచ్చి నవ్వుతూ, వంట అయ్యేదాకా కూర్చుని తిని పొమ్మన్నాడు. ఎక్కడోళ్లని అడిగాడు. మదీనాగూడ అని చెబితే సరిపోయేది. నేను కడప అన్నాను. అక్క మోచేత్తో పొడిచింది.

"కడపనా? అయితే తప్పకుండ తిని పోవాలె అన్నా. మా తిండి ఎట్లుంటదో ఎరుక గావాలె గద," అన్నాడతను. చుట్టూ ఉన్నవాళ్లు నవ్వారు.

ఆసుపత్రికి వెళుతున్నామన్నాను. పొద్దుటి నుంచి అందరూ అదే చెబుతున్నారని అతనన్నాడు. అతని గొంతులో కోపం లేదు, నమ్మకమూ లేదు. నేను ఇంకేదో అనబోతుంటే అక్క కొంగు తీసింది. మెడ మీద ఊదా గీతలు, వాటి మధ్య కమిలి నల్లబడి, పొరలు లేచిన చర్మం. డప్పు ఆగలేదు గానీ ఆటో చుట్టూ మాటలు ఆగాయి.

పొయ్యి దగ్గరున్న ఆడవాళ్లలోంచి మా ఇంటి యజమానురాలు గరిటె పట్టుకునే వచ్చింది. పొగకు ఆమె కళ్లు ఎర్రగా ఉన్నాయి. అక్క ముఖం చూసింది, మెడ చూసింది, ఒళ్లో గుజ్జు పెట్టుకున్న స్టీలు డబ్బా చూసింది.

"గా వాసన గిదేనా బిడ్డా?" అని మెల్లగా అడిగింది.

అక్క మూత తీసి చూపించింది. నేను తీయనన్న మూతను అంతమంది ముందు ఆమె తీసింది.

"అప్పుడు చెక్క వేసేటోడు. ఇప్పుడు వెయ్యడంల్యా," అంది అక్క. నిష్ఠూరం లేకుండా, అడిగినందుకు జవాబుగా అంది.

ఆమె వెనక్కి తిరిగి, దవాఖానకు పోయే బండి జర జాగ ఇయ్యిండ్రని గట్టిగా కేకేసింది. ఒక గుండిగను నలుగురు పట్టుకుని పక్కకు జరిపారు. మా ఆటో మసి రాళ్ల మధ్యలోంచి దాటింది. అక్క వెనక్కి తిరిగి చూసింది, నేను చూడలేదు.

మర్నాడు మెట్ల దగ్గర ఆమె నన్ను ఆపింది. ఇగ చెక్క వేసుకోమంది, ఎవరూ ఏమీ అనరంది. ఖాళీ చెయ్యమన్నారు కదా అన్నాను. కోపంల అన్న, గదంతా మనసుల వెట్టుకుంటరా అంది. నేను కదలకుండా నిలబడ్డాను. తప్పయిందనే మాట కోసమే నిలబడ్డాను. ఆమె చివరికి అన్నది వేరు.

"ముందే జెప్పుంటే గింత లొల్లి గాకపోవు గద బాబూ."

అంటే తప్పు నాదన్నమాట. ఆమె చేసింది అనుమతి ఇవ్వడం. నా పొయ్యి మీద, నేను కొన్న పళ్లలో, నా అక్క కోసం చెక్క వేసుకోవడానికి అనుమతి. నేను పైకి వెళ్లి, వేలంత వేసేచోట రెండు ముక్కలు వేశాను. వాసన వీధి చివర దాకా పోవాలని కిటికీ కూడా తెరిచాను.

చల్లార్చి అక్క చేతికి ఇచ్చాను. ఆమె గిన్నె ముఖం దగ్గరికి తెచ్చుకుంది. మళ్లీ తెచ్చుకుంది. తరవాత ఒడిలో పెట్టుకుని ఊరికే కూర్చుంది.

"వేసినావా?" అని అడిగింది.

గదంతా అదే వాసన. గోడలకు కూడా పట్టింది. వేశానన్నాను. ఆమె ఒక చెంచా నోట్లో పెట్టుకుంది, మింగలేకపోయింది, నా ముందే గుడ్డలో ఊసింది. వాసన కూడా పోయిందిరా అంది. పడుతూనే ఉన్న రేడియేషన్ ఈలోగా దాన్నీ తీసుకుంది. నేను వినిపించుకోలేదు. ఇంకో చెంచా పెట్టుకోమన్నాను. సోమవారం దగ్గరికొస్తోందన్నాను. పలావు అనుకో, పెళ్లి అనుకో అన్నాను. ఇప్పుడెవరూ వద్దనడంలేదు కదా, కింద ఆమె కూడా ఒప్పుకుంది కదా, ఇప్పుడూ తినకపోతే ఎట్లా అన్నాను. గొంతు పెరిగినట్టుంది.

అక్క గిన్నె కింద పెట్టింది.

"ఒరేయ్, ఎవరి మీద గెలవాలని నన్ను తినమంటాండావురా నువ్వు?"

దానికి సమాధానం చెప్పాల్సిన అవసరం ఉందని ఇప్పటికీ అనుకోను. ఆమె తినాలనే తినమన్నాను. చెక్క ఆపిన ఆ రోజులు లేకుంటే వాసన తెలిసినంతకాలం తిని, కాస్త బలం కూడగట్టుకుని ఉండేది. తరవాత డాక్టరుగారిని ఈ సంగతే అడిగాను. అటూ ఇటూగా ఎలాగైనా ఇది వచ్చేదే, ఒక మసాలా వల్ల ఏమీ మారేది కాదన్నారు. ఆయన మా గదిలో ఉండి ఆ గిన్నె ఖాళీ కావడం చూడలేదు.

సోమవారం బరువు చూశారు. గొట్టం తప్పదన్నారు. ఇంటికి పోతాననే మాట కోసం నేను అక్క ముఖంలోకి చూస్తూ నిలబడ్డాను. దానికి ఎదురు చెప్పాల్సిన మాటలన్నీ సిద్ధం చేసుకునే వచ్చాను. ఆమె నన్ను కాకుండా డాక్టరుగారిని చూసి, పెట్టండి సార్ అంది. వీడు వండలేడింక అంది.

గొట్టం వేసేటప్పుడు ఆమె నా చెయ్యి పట్టుకోలేదు, మంచం ఊచ పట్టుకుంది. ముక్కు పక్కన అతికించిన తెల్లటి పట్టీ కింద చెంప లోపలికి పోయి ఉంది. పొడిని నీళ్లలో ఎలా కలపాలో, సిరంజి ఎత్తి ఎలా పట్టుకోవాలో నర్సు నాకు నేర్పింది. దానికి ఏ వాసనా లేదు. ఉన్నా ఉపయోగం లేదు.

సాయంత్రం ఆటో దిగేసరికి మా ఇంటి యజమానురాలు గేటు దగ్గర ఉంది. మెడ దాచుకోవడానికి అక్క ఇక కొంగు కప్పుకోలేదు. ముక్కులోంచి వేలాడుతున్న గొట్టం ఇంటావిడకు కనబడింది. రెండు తలుపులూ పూర్తిగా తీసి పక్కకు జరిగింది. నోరు తెరిచి ఏదో అనబోయి ఆగింది. ఆ మాట ఏదైనా సరే, ఆ పూట వినడానికి నేను సిద్ధంగా లేను. తల తిప్పుకుని మెట్ల వైపు నడిచాను.

అక్క మాత్రం ఆగింది. గోడ మీద చెయ్యి ఆనించి, ఆమె వైపు చూసి, తల ఊపింది. పరవాలేదన్నట్టు. ఆమెను మన్నించడానికి నా అనుమతి అక్కర్లేదన్నట్టు.

మిగిలిన రేడియేషన్ అంతా ఆ గొట్టంతోనే పూర్తయింది. అక్క ఊరికి వెళ్లిపోయింది. తరవాత రెండేళ్లకు పైగా బతికి ఉంది, ఆ రెండేళ్లలో యాపిల్ పండు మాట మా ఇద్దరి మధ్యా రాలేదు. ఆ ఇంటావిడ గురించి మాత్రం ఫోన్ చేసినప్పుడల్లా బాగుందా అని అడిగేది. నాకు తెలియదని చెప్పేవాణ్ణి. నేను అప్పటికీ అదే ఇంట్లో ఉన్నాను.